దీనికి క్యాపిలరీ ఉందా అమ్మాయ్?

బెంగళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ఓపెన్ డేకి మా బాబాయిని తీసుకెళ్లాలని ముందు అనుకోలేదు. మా వాడికి పదకొండేళ్లు. హై వోల్టేజ్ ల్యాబులో మెరుపులు చూడాలి, లిక్విడ్ నైట్రోజన్‌తో అప్పటికప్పుడు చేసిచ్చే ఐస్‌క్రీం తినాలి, అదీ వాడి ప్లాను. నాకేమో క్వాంటమ్ ల్యాబు చూడాలని. బాబాయి మోకాళ్లు చూపించుకోవడానికి గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నాడు, డాక్టరు అపాయింట్‌మెంటు సోమవారం. ఒక్కడినీ ఇంట్లో వదిలేయడం ఎందుకని "నువ్వూ రా బాబాయ్" అన్నాను. "ఆడ నాకేం అర్థమవుద్దే, చెట్ల కింద కూర్చుంటాలే" అంటూ చెప్పులేసుకున్నాడు.

ఐఐఎస్సీలో చెట్లకేం కొదవ లేదు. మైసూరు మహారాజా ఇచ్చిన 371 ఎకరాల్లో 1909లో మొదలైన సంస్థ అది. ఏడాదికోసారి ఒక శనివారం గేట్లు తెరిచి, టికెట్టూ గికెట్టూ లేకుండా ఎవరినైనా లోపలికి రానిస్తారు. బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లలో సగంమంది ఆ రోజు అక్కడే ఉన్నారేమో అనిపిస్తుంది, ఏ క్యూలో నిలబడ్డా వెనకాల ఎవరో ఒకరు "ఒరేయ్ చింటూ, చెయ్యి వదలకు" అంటూనే ఉంటారు. మేం సాండల్ సోప్ ఫ్యాక్టరీ మెట్రో స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి వెళ్లేసరికే ఎండ ముదిరింది. మా వాడిని మా ఆయనతో మెరుపుల వైపు పంపేసి, నేనూ బాబాయీ క్వాంటమ్ ల్యాబు వెతుక్కుంటూ బయల్దేరాం.

బాబాయి గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై నాలుగేళ్లు ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసినవాడు. అరండల్‌పేటలో చిన్న షాపు. సెలవులకి వెళ్లినప్పుడు ఆ షాపులో నేను రాగి ట్యూబు ముక్కలు ఏరుకుని గాజుల్లా వేసుకునేదాన్ని. పదో తరగతితో చదువు ఆపేశాడు. ఏ ఇంట్లోనైనా ఫ్రిజ్ పక్కన నిలబడి ఒక నిమిషం వింటే కంప్రెసర్ ఇంకెన్నాళ్లు వస్తుందో చెప్పగలడు.

క్వాంటమ్ కంప్యూటర్ అని ఫోన్‌లో వెతికితే వచ్చే ఫొటో మీరంతా చూసే ఉంటారు. కల్యాణమండపంలో వేలాడే షాండ్లియర్‌లా, బంగారు రంగు పళ్లేలు ఒకదాని కింద ఒకటి, మధ్యలో వందల తీగలు. పేపర్లో ఏ వార్త వచ్చినా పక్కన ఆ ఫొటోనే. ఆ ఫొటోలో కనబడేది కంప్యూటర్ కాదు, ఫ్రిజ్. కంప్యూటర్ అనదగ్గది ఏదైనా ఉంటే అది అట్టడుగు పళ్లేనికి బిగించిన గోరంత చిప్. పైనున్న ఆర్భాటం చాలామటుకు ఆ గోరంత ముక్కని చల్లగా ఉంచడానికే. ఈ సంగతి నేను చదువుకుని తెలుసుకున్నాను. బాబాయికి గదిలో అడుగుపెట్టగానే తెలిసిపోయింది, చెవి వల్ల.

గదిలో రెండు ఫ్రిజ్‌లున్నాయి. ఒకటి నడుస్తోంది. దాన్ని చూడటానికి ఏమీ లేదు, మనిషెత్తు తెల్లటి డబ్బా, పైనుంచి గొట్టాలు. కానీ చప్పుడుంది. పిచ్చుక కూసినట్టు "చిక్... చిక్..." అని సెకనుకి ఒకటిన్నర సార్ల లెక్కన, ఆగకుండా. రెండోది తెరిచి ఉంది. లోపల వైరింగు మార్చడానికి డబ్బా విప్పారట. ఇది మాత్రం ఆ ఫొటోలో ఉన్నట్టే ధగధగా ఉంది. జనం అంతా దాని చుట్టూ మూగి సెల్ఫీలు దిగుతున్నారు. బాబాయి నడిచేదాని దగ్గరకి వెళ్లి తల వంచి విన్నాడు.

అక్కడ నిలబడి వివరిస్తున్న అమ్మాయి పీహెచ్‌డీ చేస్తోంది. కాసేపు ఇంగ్లిషులో, కాసేపు కన్నడంలో అందరికీ చెబుతోంది. మా మాటలు చెవినపడి "మీరు తెలుగువాళ్లా అంకుల్?" అంది. వాళ్లది ప్రొద్దుటూరట.

"కంప్రెసర్ ఎక్కడ పెట్టారమ్మాయ్? ఇక్కడ చప్పుడు తక్కువగా ఉంది" అన్నాడు బాబాయి.

"పక్క గదిలో అంకుల్. అదిరితే లోపల వేడి పుడుతుంది, అందుకని దూరంగా పెట్టి గొట్టాలు లాగాం."

"గ్యాస్ ఏంది?"

"హీలియం."

"క్యాపిలరీ ఉందా?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. పొద్దుట్నుంచి వందమందికి చెప్పి ఉంటుంది, ఈ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. ముఖం వెలిగిపోయింది. "ఉంది అంకుల్! రండి, చూపిస్తా" అంటూ తాడు దాటించి విప్పి ఉన్న ఫ్రిజ్ పక్కకి తీసుకెళ్లింది. నేనూ వెనకే దూరిపోయాను.

తర్వాత పావుగంట జరిగిన మాటల్లో నా పాత్ర ఏమీ లేదు. ఇంట్లో ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో బాబాయికి తెలుసు. గ్యాస్‌ని కంప్రెసర్ నొక్కుతుంది, అది వేడి వదిలి ద్రవం అవుతుంది, సన్నటి క్యాపిలరీ గొట్టంలోంచి దూరి అవతలికి వచ్చేసరికి ఒత్తిడి తగ్గి ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. ఈ బంగారు ఫ్రిజ్‌లోనూ పంపు, చుట్టూ తిరిగొచ్చే గ్యాస్, సన్న గొట్టం అన్నీ ఉన్నాయి. చివరి మెట్టు మాత్రం వేరు. హీలియంలో రెండు రకాలు, బరువు 3 ఉన్నది, బరువు 4 ఉన్నది. ఈ రెండూ కలిపి 0.87 కెల్విన్ కిందికి (కెల్విన్ లెక్కలో సున్నా అంటే అంతకన్నా చల్లన ఇంకేదీ ఉండదు), అంటే మైనస్ 272 డిగ్రీలు దాటించి చల్లబరిస్తే నూనె, నీళ్లలా రెండు పొరలుగా విడిపోతాయి. పై పొరంతా దాదాపు హీలియం-3, కింది పొరలో హీలియం-4 ఎక్కువ. కింది పొరలోంచి పంపు హీలియం-3ని లాగేస్తూ ఉంటే, ఆ లోటు తీర్చడానికి పైనుంచి హీలియం-3 కిందికి దిగుతుంది. అలా దిగేటప్పుడు వేడి పీల్చుకుంటుంది. డైల్యూషన్ ఫ్రిజ్ అంటే ఇదే. 1964లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మొదటిసారి నడిపారు.

బాబాయి అంతా విని "ఆవిరైనట్టే గదమ్మాయ్. కాకపోతే పైకి పోవాల్సింది కిందికి పోతోంది" అన్నాడు.

"మా సార్ మొదటి క్లాసులో సరిగ్గా ఇదే చెప్పారు అంకుల్" అంది ఆ అమ్మాయి.

ఇక ఆగలేదు. బంగారమేనా అంటే రాగి మీద బంగారు పూత, చిలుము పట్టకుండా అంది. లీకేజీ ఎట్టా పట్టుకుంటారు, సబ్బు నురగేనా అంటే, నవ్వి, కాదు అంకుల్, బయట్నుంచి హీలియం ఊదుతాం, లోపల ఒక్క పిసరు దూరినా మెషీన్ కనిపెడుతుంది అంది. చోక్ అవుద్దా అని అడిగాడు. ఫ్రిజ్ మెకానిక్‌ల భాషలో చోక్ అంటే క్యాపిలరీలో తేమ గడ్డకట్టి గ్యాస్ దారి మూసుకుపోవడం. ఈ ఫ్రిజ్‌లకీ అదే రోగమట. గ్యాస్‌లో కాస్త గాలి కలిసినా అది గడ్డకట్టి సన్న గొట్టం మూసుకుపోతుంది, అప్పుడు మొత్తం వేడెక్కించి మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే గ్యాస్‌ని ముందు లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచిన వడపోత గుండా పంపుతారు. "మా ఫిల్టర్ డ్రయర్!" అన్నాడు బాబాయి, ఊళ్లో మనిషి దూరదేశంలో తగిలినట్టు.

ఇంత చలి ఎందుకని చివరికి నేనే అడిగాను. ఆ అమ్మాయి చెప్పిన జవాబు, నేను చదివిన పది వ్యాసాలకన్నా బాగుంది. ఆ గోరంత చిప్ మీద అల్యూమినియంతో గీసిన చిన్న సర్క్యూట్లుంటాయి. ఒక్కోటి ఒక్కో క్యూబిట్, అంటే మామూలు కంప్యూటర్లో 0 గానీ 1 గానీ పట్టుకునే బిట్‌కి ఇక్కడి సాటి. వాటికి 5 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలతో ఆజ్ఞలిస్తారు. ఇంట్లో వైఫై రౌటర్ వాడేది కూడా ఆ వరసే. ఒక క్యూబిట్‌ని 0 నుంచి 1కి లేపడానికి కావలసిన శక్తి ఎంత తక్కువంటే, చుట్టూ ఉన్న వేడి పావు కెల్విన్ దగ్గరికి వచ్చిందంటే చాలు, మనం చెప్పకుండానే ఆ వేడే దాన్ని లేపేస్తుంది. కాబట్టి అంతకన్నా బాగా కిందికి, 0.01 కెల్విన్‌కి దింపాలి. నక్షత్రాల మధ్య ఖాళీ చోటు 2.7 కెల్విన్. ఈ డబ్బా అడుగు దానికంటే చల్లన.

"సరే తల్లీ, ఇంతా చేసి ఇది ఏం లెక్కలు చేస్తది?" అన్నాడు బాబాయి.

"ఇది ఇంకా ఏ లెక్కా చేయదు అంకుల్. క్యూబిట్ చెడిపోకుండా ఎంతసేపు నిలబడుతుందో చూస్తున్నాం. ఇప్పుడు సెకనులో పదివేలో వంతు నిలబడితే గొప్ప. దాన్ని పెంచడమే మా పని."

సందేహం ఏమీ లేదు, ఆ రోజు క్యాంపస్ మొత్తంలో నేను విన్న అతి గొప్ప వాక్యం "ఇది ఇంకా ఏ లెక్కా చేయదు అంకుల్" అన్నదే. నా వాదన అంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే.

దీనికి కొన్ని నెలల ముందు ఒక ఎగ్జిబిషన్ హాల్లో జరిగిన టెక్నాలజీ మేళాకి వెళ్లాను. మా ఆఫీసువాళ్లు పాస్ ఇచ్చారు. అక్కడ ఒక కంపెనీ స్టాల్లో ఇదే బంగారు షాండ్లియర్ ఉంది. దగ్గరికెళ్లి చూస్తే ఉత్త డమ్మీ, లోపల ఎల్‌ఈడీ దీపాలు. చుట్టూ తాడు, నీలం లైట్లు, పొగ. క్యూలో నిలబెట్టి ఒక్కొక్కరికీ అర నిమిషం ఇచ్చారు. "ఇది అన్ని జవాబులనీ ఒకేసారి ప్రయత్నిస్తుంది మేడమ్, మామూలు కంప్యూటర్‌కి వేల ఏళ్లు పట్టేది దీనికి నిమిషాలు" అని చెప్పి, నేను నోరు తెరిచేలోపు చేతిలో బ్రోషర్ పెట్టి "నెక్స్ట్" అన్నారు. తిరుమలలో వాకిలి దగ్గర "జరగండి, జరగండి" అని నెట్టేస్తారే, అచ్చం అదే. తిరుమలలో నాకు ఫిర్యాదు లేదు. అక్కడికి వెళ్లేదే దర్శనానికి. సైన్సు దగ్గరికి దర్శనానికి వెళ్లకూడదు. అడగడానికి వెళ్లాలి.

ఆ స్టాల్లో చెప్పిన ముక్క తప్పు కూడా. ఎక్కడ చూసినా ఇదే తప్పు, మన తెలుగు యూట్యూబ్ ఛానళ్లలో మరీను. ఒక గుత్తిలో పది లక్షల తాళంచెవులుంటే క్వాంటమ్ కంప్యూటర్ అన్నిటినీ ఒకేసారి తాళంలో పెట్టి తిప్పుతుందని చెబుతారు. క్యూబిట్లు ఆ పది లక్షల అవకాశాల కలగాపులగం స్థితిలో ఉండగలవు, నిజమే. కానీ జవాబు చదవబోతే చేతికొచ్చేది ఒక్కటే. ఏ ఏర్పాటూ చేయకపోతే అది కళ్లు మూసుకుని గుత్తిలోంచి లాగిన ఏదో ఒక తాళంచెవి. మరి గొప్పేమిటంటే, చెరువులో రెండు రాళ్లు వేస్తే అలలు కొన్నిచోట్ల కలిసి పెరుగుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి తినేస్తాయి కదా, అలా తప్పు జవాబులు ఒకదాన్నొకటి తినేసి సరైన జవాబు మిగిలేలా లెక్కని అమర్చగలగాలి. అలా అమర్చడం అన్ని లెక్కలకీ కుదరదు. ఎక్కువవాటికి ఎలా అమర్చాలో ఎవరికీ తెలియదు. పెద్ద సంఖ్యని కారణాంకాలుగా విడగొట్టడానికి 1994లో పీటర్ షోర్ దారి కనిపెట్టాడు, అది నిజంగా భారీ లాభం. గుడ్డిగా వెతికే పనికి 1996లో లవ్ గ్రోవర్ కనిపెట్టిన పద్ధతిలో పది లక్షల తాళంచెవులకి సుమారు వెయ్యి అడుగులు పడతాయి. పది లక్షలకన్నా వెయ్యి చాలా నయం. కానీ ఒకేసారి అన్నమాట ఎక్కడుంది ఇందులో?

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పదహారేళ్లుగా ఉన్నాను. ఆ స్టాలువాళ్లని అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న ఒకటుంది: తప్పులెన్ని? రెండు క్యూబిట్లని కలిపి ఒక చిన్న పని చేయిస్తే, ఇవాళ్టి మంచి యంత్రాల్లో దాదాపు వెయ్యిసార్లకి ఒకసారి తప్పవుతుంది. వెయ్యికొక లెక్క తప్పే సాఫ్ట్‌వేర్‌ని నేను పాస్ చేస్తే సాయంత్రానికి నా ఉద్యోగం ఉండదు. పనికొచ్చే లెక్కలకి కోట్ల కొద్దీ అడుగులు కావాలి. అందుకని చాలా క్యూబిట్లని కలిపి ఒక్క నమ్మకమైన క్యూబిట్‌గా వాడుకునే పద్ధతుల మీద ఇప్పుడు అందరూ పడ్డారు. 2024 డిసెంబరులో గూగుల్ తన 105 క్యూబిట్ల విల్లో చిప్‌తో, ఇలా కలిపే క్యూబిట్లని పెంచినకొద్దీ తప్పులు తగ్గుతున్నాయని చూపించింది. ముప్పై ఏళ్లుగా కాగితం మీదున్న ఆశ నిజమైందన్నమాట. ఇది నిజంగా పండగ చేసుకోవాల్సిన వార్తే. కానీ దీన్ని వివరించాలంటే ముందు తప్పులవుతాయని ఒప్పుకోవాలి. దర్శనం పెట్టిన చోట ఆ మాట ఎవరూ అనరు. గర్భగుడిలో విగ్రహానికి పగులుందని చెప్పినట్టుంటుంది.

బ్యాంకు పాస్‌వర్డులు పోతాయన్న టెన్షనూ ఇంతే. మన బ్యాంకు లావాదేవీలకి తాళం వేసే పద్ధతుల్లో ముఖ్యమైనది ఆర్‌ఎస్‌ఏ. పెద్ద సంఖ్యని కారణాంకాలుగా విడగొట్టడం మామూలు కంప్యూటర్లకి కష్టమన్నదే దాని బలం, షోర్ దారి కొట్టేది సరిగ్గా అక్కడే. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏని విరగ్గొట్టడానికి 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో లెక్కేశారు. 2025 మేలో అదే లెక్కని 10 లక్షల లోపుకి తెచ్చారు. ఇవాళ చేతిలో ఉన్న మంచి యంత్రాల్లో ఎక్కువవాటికి క్యూబిట్లు వందల్లోనే ఉన్నాయి. భయపడనక్కర్లేదని నేననను. ఆరేళ్లలో ఇరవయ్యో వంతుకి తగ్గిన లెక్క ఇంకా తగ్గొచ్చు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2024 ఆగస్టులో, క్వాంటమ్ కంప్యూటర్లకి కూడా లొంగవని భావించే కొత్త తాళాలకి ప్రమాణాలు విడుదల చేసింది. భయపడటానికి ఎంత కారణముందో, ఆ భయానికి తగ్గ పని ఎవరు చేస్తున్నారో ఈ రెండు అంకెలూ ఒక తేదీ చెబితే చాలు. స్టాల్లో ఇచ్చిన అర నిమిషంలో ఇదీ పట్టేది.

ఇక్కడ మనవాళ్ల గురించీ చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో నేను బాబాయితో "నువ్వు అడిగిన హీలియం మొట్టమొదట కనబడింది మన గుంటూరులోనే, తెలుసా?" అన్నాను గొప్పగా. ఈ ముక్క వాట్సాప్‌లో ఏడాదికి రెండుసార్లు తిరుగుతుంది, "హీలియం పుట్టిల్లు గుంటూరు" అని. "మిరపకాయలు తప్ప ఇంకోటి కూడా ఉందా మనకి?" అన్నాడు బాబాయి. తర్వాత ఇంటికొచ్చి సరిగ్గా చదివితే కథ కాస్త వేరుగా ఉంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ చీకటి నీడ మన కోస్తా మీదుగా పోయింది. ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి, గుంటూరులో ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో దిగి, పరికరాలు బిగించుకున్నాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుతురుని స్పెక్ట్రోస్కోపుతో విడదీసి చూస్తే మెరిసే గీతలు కనబడ్డాయి. అంటే అవి మండే వాయువులే. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా చూడొచ్చనుకున్నాడు, మర్నాడు పొద్దున్నే చూశాడు కూడా. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన నార్మన్ పాగ్సన్ ఉన్నాడు. పసుపు గీత ఒకటి సోడియం గీత ఉండాల్సిన చోటో, దానికి దగ్గర్లోనో ఉందన్నట్టు రాసుకున్నాడు. అదే అబ్జర్వేటరీ తరఫున వనపర్తిలో చింతామణి రఘునాథాచారి చూశాడు. కొత్త మూలకం అని ఆ రోజు వీళ్లెవరూ ప్రకటించలేదు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ గ్రహణం లేకుండానే ఆ పసుపు గీతని చూసి, అది సోడియంది కాదని పట్టుకుని, వెంటపడి, చివరికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నాడు. భూమ్మీద అది దొరికింది 1895లో, విలియం రామ్సే చేతికి.

నాకు ఈ రెండో కథే బాగుంది. గుంటూరు ఉంది, బందరు ఉంది, వనపర్తి ఉంది, అనుమానం ఉంది, ఇరవయ్యేడేళ్ల ఎదురుచూపు ఉంది. వాట్సాప్ వాక్యంలో ఊరి పేరు తప్ప ఏమీ లేదు. ఆ స్టాలు మీద పళ్లు నూరుతూ అదే పని నేను మెట్రోలో చేశాను. మర్నాడు బాబాయికి సరిదిద్ది చెప్పాను. "అట్టయినా మనూరు ఉందిలే" అన్నాడు తృప్తిగా.

మా ఆఫీసులో ఈ వాదన పెట్టినప్పుడు ఒక స్నేహితుడు గట్టిగానే ఎదురుతిరిగాడు. ఆయన మాటలో పస ఉంది. "పొగ, లైట్లు లేకపోతే పిల్లలు ఎందుకొస్తారు? ముందు రానీ, తర్వాత నేర్చుకుంటారు. మీ బాబాయిలాంటివాళ్లు వెయ్యిలో ఒకరు. మిగతా తొమ్మిదొందల తొంభైతొమ్మిది మందికి క్యాపిలరీతో ఏం పని?" అన్నాడు. ఐస్‌క్రీం విషయం నేను ఒప్పుకున్నాను. మా వాడు ఆ రోజు లిక్విడ్ నైట్రోజన్ ఐస్‌క్రీం రెండుసార్లు తిన్నాడు, ఇప్పుడు నైట్రోజన్ ఎంత చల్లగా ఉంటుందో అడక్కుండానే చెబుతాడు. నైట్రోజన్ నిజంగా అంత చల్లనిదే కదా, ఆ ఆకర్షణలో అబద్ధం లేదు. నా గొడవ డమ్మీ షాండ్లియర్‌తోనూ, అర నిమిషంతోనూ.

బాబాయిలాంటివాళ్లు వెయ్యిలో ఒకరన్నది మాత్రం నేనొప్పుకోను. ఆ క్యూలో ఎవరెవరున్నారో చూడండి. వెల్డింగ్ చేసేవాళ్లుంటారు, వాక్యూమ్ పంపులు అమ్మేవాళ్లుంటారు, నగల పని చేసేవాళ్లుంటారు, కేబుల్ టీవీ లైన్లు లాగినవాళ్లుంటారు. ఆ ఫ్రిజ్‌లో ఉన్నవి సరిగ్గా ఇవే: అతుకులు, వాక్యూము, బంగారు పూత, కోయాక్సియల్ తీగలు. ఆ తీగల్ని మధ్యమధ్య మెలితిప్పి వదులుగా ఉంచుతారు, చల్లబడితే కుంచించుకుపోయి తెగకుండా. కరెంటు లైన్‌మన్ ఎవరైనా చూస్తే ఎందుకో చెప్పగలడు. క్వాంటమ్ సిద్ధాంతం తెలియనివాళ్లకి చెప్పడానికేమీ లేదనుకుని, ష్రోడింగర్ అనే శాస్త్రవేత్త ఊహించిన పిల్లి బొమ్మ చూపిస్తున్నాం. బతికుందో చచ్చిందో తెలియని ఆ పెట్టెలో పిల్లిని చూసి ఎవరికి ఏం అర్థమైంది ఇన్నేళ్లలో? వాళ్లకి తెలిసిన దారిలోంచి తీసుకెళ్తే ఫ్రిజ్ అడుగుదాకా వాళ్లంతట వాళ్లే నడుస్తారు. అక్కడి నుంచి చిప్ ఒక్క అడుగు.

రెండో అభ్యంతరం పరిశోధకులది, అది ఇంకా గట్టిది. ఒక ఫ్రిజ్‌ని విప్పి, మూసి, మళ్లీ చల్లబరచడానికి రోజులు పడుతుంది. విప్పి ఉంటే పనిచేయదు, పనిచేస్తుంటే తెల్ల డబ్బా తప్ప ఏమీ కనబడదు. పీహెచ్‌డీ పిల్లలకి ఒక శనివారం పోతుంది, దాని ముందు వారమంతా పోస్టర్లు అంటించడంలో పోతుంది. ఆ అమ్మాయి గొంతు మధ్యాహ్నానికే బొంగురుపోయింది. నిజమే, ఖర్చుంది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్ ఖర్చు 6,003.65 కోట్లు. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్ల యంత్రాలు తయారుచేయాలని లక్ష్యం. నాలుగు హబ్‌లలో కంప్యూటింగ్ హబ్ ఐఐఎస్సీలోనే ఉంది. ఆ డబ్బులో బాబాయి షాపులో కట్టిన పన్నూ ఉంది. ఏడాదికో శనివారం ఎక్కువేం కాదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే అమరావతి వల్ల. 2025 మేలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్ కలిసి అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అనే టెక్ పార్కు ప్రకటించాయి. ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ, 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో, అక్కడ పెడతామన్నారు. అంటే బాబాయి ఇంటి నుంచి బస్సెక్కి వెళ్లగలిగేంత దూరంలో. నాకు సంతోషంగానే ఉంది. దానితోపాటు ఒక బెంగ. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఒక యూనివర్సిటీ 2024లో ఐబీఎం యంత్రాన్ని పాత చర్చి కట్టడంలో, రంగుటద్దాల కిటికీల మధ్య గాజు పెట్టెలో పెట్టింది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. చర్చిలో వాళ్లు ఏం చేసుకుంటారో వాళ్లిష్టం. మనకి గనక ఇలాంటిదొకటి ఇస్తే మనం ఏం చేస్తామో నాకు బాగా తెలుసు. మొదటిరోజే కొబ్బరికాయ, గుమ్మడికాయ, వీఐపీ లైను, సాధారణ లైను. టీవీలో "ప్రపంచంలోనే" అని మొదలయ్యే వాక్యాలు.

నేనడిగేది పెద్దదేం కాదు. ఆ యంత్రం వచ్చినప్పుడు ఏడాదికో రోజు తలుపు తెరవండి. ఆ రోజు అక్కడ నిలబడి చెప్పేది పీఆర్ కంపెనీ మనుషులు కాకుండా, దాన్ని వాడేవాళ్లూ బాగుచేసేవాళ్లూ అయ్యుండాలి. తెలుగులో చెప్పాలి. ప్రొద్దుటూరు అమ్మాయి చెప్పినట్టు, క్యూబిట్‌ని క్యూబిట్ అనే అంటూ, మిగతాదంతా మామూలు మాటల్లో. ఎవరూ కష్టపడి సంస్కృతం తయారుచేయనక్కర్లేదు. గోడ మీద ఆ వారం యంత్రం ఎన్ని గంటలు నడిచిందో, ఎన్ని గంటలు ఆగిందో, ఎన్నిటికి ఎన్ని తప్పులొచ్చాయో అంకెలు రాసి పెట్టాలి. దాని మీద ఎవరు ఏ లెక్క చేస్తున్నారు, అదే లెక్క మామూలు కంప్యూటర్ మీద ఎంతసేపట్లో అవుతుంది, ఇదీ రాయాలి. మామూలు కంప్యూటర్‌కే తక్కువసేపు పడితే తక్కువనే రాయాలి. గ్యాస్ ఎక్కడిదో కూడా చెప్పండి. హీలియం-3 ఎక్కువ భాగం అణ్వాయుధాల కోసం తయారుచేసిన ట్రిటియం అనే బరువైన హైడ్రోజన్ నెమ్మదిగా తరిగి మారగా మిగిలింది. ఈ ముక్క చెప్పినప్పుడు బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. పదేళ్ల పిల్లలు కూడా మాట్లాడరు, చూడండి కావాలంటే.

ఆ శనివారం సాయంత్రం వచ్చేసేముందు బాబాయి ఆ అమ్మాయిని మళ్లీ ఎప్పుడు మూస్తావని అడిగాడు. సోమవారం మూసి, వాక్యూమ్ లాగి, చల్లబెట్టడం మొదలుపెడతాననీ, రెండు రోజులు పడుతుందనీ చెప్పింది. "నిదానంగా చెయ్ తల్లీ, తొందరపడితే ఎక్కడో ఒకచోట తేమ ఉండిపోద్ది" అన్నాడు. "సరే అంకుల్" అంది, నవ్వకుండా.

సోమవారం మోకాళ్లు చూపించాం. మంగళవారం రైలెక్కించాం. గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి గుంటూరు నుంచి ఫోను. మోకాళ్లెలా ఉన్నాయి బాబాయ్ అంటే "అయ్యట్టానే ఉన్నయిలే" అన్నాడు.

"ఆ అమ్మాయి సోమవారం మూసుంటే ఈపాటికి చల్లబడి ఉండాల. దిగిందంటావా, చోక్ అయిందంటావా?"

"నాకేం తెలుసు బాబాయ్. నా దగ్గర నంబరు కూడా లేదు."

"నంబరు తీసుకోలేదా?" అన్నాడు. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. "ఫ్రిజ్ మూసొచ్చినాక మూడోరోజు ఒకసారి కనుక్కోవాలే. అట్టా వదిలేస్తే ఎట్టా?"